ఊదా లైను చివర సెంటోసా

ఇల్లిచ్చి, కడుపు నింపే ప్రభుత్వం నోరు కట్టేస్తే తప్పేంటి? ఈ మాట అనే ప్రతివాళ్లూ సింగపూర్‌నే చూపిస్తారు. మొన్న ఆ ఊరు వెళ్లినప్పుడు ఒక పూట దీనికే కేటాయించాను. నార్త్ ఈస్ట్ లైను, అంటే ఊదా రంగు మెట్రో, ఒక్కటెక్కితే సరిపోతుంది.

క్లార్క్ కీ స్టేషన్‌లో దిగి కాస్త నడిస్తే హాంగ్ లిమ్ పార్క్. 2000 సెప్టెంబరు 1 నుంచి ఇది స్పీకర్స్ కార్నర్. ఆరుబయట పోలీసు పర్మిట్ లేకుండా పౌరులు మాట్లాడగలిగేది ఇక్కడే. ముందుగా ఆన్‌లైన్‌లో పేరు నమోదు చేసుకోవాలి. మతం జోలికి పోకూడదు, జాతుల మధ్య చిచ్చు పెట్టే మాట రాకూడదు. మిగతా ఊళ్లో ఒక్క మనిషి అట్టముక్క పట్టుకుని నిలబడినా 2009 చట్టం లెక్కలో అది సభే, పర్మిట్ కావాలి. మన పాస్‌పోర్టు వాళ్లకు ఒక హెచ్చరిక: సభ జరుగుతుంటే దగ్గర నిలబడి చూసినా పాల్గొన్నట్టే. ఏ సభా లేని రోజు చూసుకుని వెళ్లండి. నేను వెళ్లినప్పుడు పచ్చిక ఖాళీగా ఉంది.

అక్కడి నుంచి ఐదో స్టేషన్ పోటాంగ్ పాసిర్. ఏటవాలు కప్పుల ఎత్తైన బ్లాకులను చూసి గుర్తుపట్టొచ్చు. ఈ సర్కారు ఇళ్ల గొప్పతనం తగ్గించి చెప్పను. గృహనిర్మాణ బోర్డు 1960లో పుట్టింది. మరుసటేడు మే 25న బుకిత్ హో స్వీలో గుడిసెలు తగలబడి సుమారు పదహారు వేల మంది రోడ్డున పడితే, వాళ్లకు పక్కా ఫ్లాట్లు కట్టింది. ఇవాళ జనంలో పదింట ఎనిమిది మంది దాకా ఉండేది ఆ బోర్డు ఇళ్లలోనే.

ఇక లిఫ్టు సంగతి. పాత బ్లాకుల్లో లిఫ్టు ప్రతి అంతస్తులోనూ ఆగేది కాదు, మూడు నాలుగు అంతస్తులకోసారి ఆగేది. మోకాళ్ల నొప్పుల ముసలమ్మ కూరల సంచీతో రెండంతస్తులు మెట్లెక్కాల్సిందే. 1997 ఎన్నికల్లో అధికార పార్టీ బాహాటంగా చెప్పింది: మాకు ఓటేసిన చోట ముందు మరమ్మతులు. పోటాంగ్ పాసిర్ 1984 నుంచి 2011 దాకా ప్రతిపక్షం చేతిలో ఉంది, కాబట్టి దాని వంతు వెనక్కి పోయింది. మాకు వెయ్యకపోతే పింఛను ఆగిపోతుందని మన ఊళ్లలో వినపడే బెదిరింపే ఇది. లిఫ్టును ఓటుకు ముడిపెట్టాక ఆ ఇల్లు బేరంలోకి వచ్చేసింది. ఆ ముసలమ్మ తరఫున వీధిలో నిలబడి అరిచే హక్కు ఎవరికైనా ఉండాల్సింది. నోరు కట్టేస్తే సంక్షేమమే ముందు కుంటుపడుతుందని నాకు అనిపించింది అక్కడే.

వెనక్కి అదే లైన్లో దక్షిణం చివర హార్బర్‌ఫ్రంట్ దాకా వెళ్లండి. సెంటోసా దీవికి దారి అక్కడే. మనవాళ్లంతా పిల్లల్ని తీసుకెళ్లి ఆడించే చోటు. ప్రతిపక్ష ఎంపీగా పనిచేసిన చియా థై పోను 1966లో అరెస్టు చేసి, విచారణ లేకుండా 23 ఏళ్లు నిర్బంధంలో ఉంచారు. 1989లో వదిలి ఈ దీవిలోనే ఒక కాపలా గదిలో పెట్టారు. ఇక నువ్వు స్వేచ్ఛాజీవివి అని చెప్పి, ఆ గదికి అద్దె కూడా ఆయన చేతే కట్టించారు.