ఎగ్జిమ్ క్యూ: కరెంటు తిరిగొచ్చాక మొదటి గంట

పెట్టె: రెండు కోర్ల పాత డెస్క్‌టాప్, 4 జీబీ ర్యామ్, మామూలు హార్డ్‌డిస్క్, డెబియన్ లైనక్స్. మెయిళ్లు అందుకుని చేరవేసే ప్రోగ్రామ్ ఎగ్జిమ్, ఇంకా చేరవేయని మెయిళ్ల వరుస దాని క్యూ. ఎంవీపీ కాలనీలో ఒక అపార్ట్‌మెంట్ సంఘం మెయిళ్లన్నీ దీని మీదే.

విశాఖలో అక్టోబరు, నవంబరు తుపానుల కాలం. కరెంటు పోయినంత మాత్రాన మెయిల్ మాయం కాదు. పంపిన సర్వర్లు సాధారణంగా 4, 5 రోజులు ప్రయత్నిస్తూనే ఉంటాయి. 2014 హుద్‌హుద్ లాంటిదైతే ఆ గడువూ చాలకపోవచ్చు. అసలు బాధ కరెంటు వచ్చాకే. ఆగినవన్నీ ఒక్కసారిగా మీద పడతాయి.

సీపీయూ ఖాళీగానే ఉన్నా లోడ్ (పని కోసం వరుసలో ఉన్న ప్రాసెస్‌ల సగటు లెక్క) పెరిగిపోతుంది. లైనక్స్‌లో డిస్క్ కోసం ఆగిన ప్రాసెస్‌లు కూడా లోడ్ లెక్కలోకి వస్తాయి. మెయిళ్లలో వైరస్‌లు వెతికే క్లామ్‌ఏవీ ఒక్కటే 1 జీబీకి పైగా ర్యామ్ తింటుంది. అది స్వాప్‌లోకి (ర్యామ్ చాలనప్పుడు వాడే డిస్క్ భాగం) జారిందా, ఇక డిస్క్ ఊపిరాడదు.

ఎగ్జిమ్‌లో ఈ వారం పెట్టిన అంకెలు: క్యూ ఓన్లీ లోడ్ 4, డెలివర్ క్యూ లోడ్ మ్యాక్స్ 6, ఎస్ఎంటీపీ లోడ్ రిజర్వ్ 10. లోడ్ 4 దాటితే మెయిల్ తీసుకుని క్యూలో ఉంచుతుంది, 6 దాటితే క్యూ రన్ (క్యూలో ఉన్నవాటిని పంపే విడత) ఆపేస్తుంది, 10 దాటితే రిజర్వ్ హోస్టుల జాబితాలో లేనివాళ్లను తర్వాత రమ్మంటుంది. మొదటి రెండూ తారుమారు చేయకూడదు. చేస్తే కొత్త మెయిల్ వెంటనే వెళ్లిపోతుంది, పాతది క్యూలోనే మగ్గుతుంది.

అయినా మొదటి అంకెతో స్కానింగ్ భారం తగ్గదు. ఇక్కడ స్కాన్ జరిగేది మెయిల్‌ను ఒప్పుకోకముందే. అందుకే ఎస్ఎంటీపీ యాక్సెప్ట్ మ్యాక్స్‌ను (ఒకేసారి ఒప్పుకునే కనెక్షన్ల పరిమితి) డిఫాల్ట్ 20 నుంచి 6కి దించాలి. అన్నిటికన్నా ఎక్కువ ఫలితం దీనితోనే.

మెయిన్‌లాగ్‌లో (ఎగ్జిమ్ రాసుకునే చిట్టా ఫైలు) ‘నో ఇమీడియట్ డెలివరీ’ అని కనబడగానే లోడ్‌ను తిట్టుకోవద్దు, పక్కనున్న కారణం చదవాలి. ఒకే కనెక్షన్‌లో 10 మెయిళ్లు దాటినా ఇదే మాట వస్తుంది. అది వేరే సెట్టింగ్, డిఫాల్ట్‌గానే ఉంటుంది.

క్యూలో పడ్డది తర్వాతి రన్ దాకా కదలదు. డెబియన్‌లో ఆ విరామం 30 నిమిషాలు, 5కి మార్చాం. రన్‌లు ఒకదాని మీద ఒకటి పేరుకోకుండా క్యూ రన్ మ్యాక్స్‌ను 5 నుంచి 2కి తగ్గించాం.

మిగిలిన పని: స్పూల్‌ను (క్యూలోని మెయిళ్లు దాచే డైరెక్టరీ) చిన్న ఎస్ఎస్‌డీకి మార్చడం. స్పూల్ డైరెక్టరీని ముక్కలు చేసే సెట్టింగ్ ఉంది గానీ, క్యూ వందల్లోనే ఉన్నంతకాలం దాని అవసరం లేదు.