అనంతపురం ఎండలో బ్యాటరీ లేని నోడ్: కెపాసిటర్ నిండుగానే ఉంది, ప్యాకెట్ పోదు

శెనక్కాయ చేనులో నేల తడి కొలిచే సోలార్ నోడ్ మళ్లీ మూగబోయింది. మల్టీమీటర్ పెడితే సూపర్ కెపాసిటర్ మీద 3.40 వోల్టులు!

ఈ 1 ఫారడ్ కాయిన్ రకం కెపాసిటర్‌లో 3.4 నుంచి 2.4 వోల్టుల దాకా 2.9 జౌళ్లు ఉంటాయి. లోరావాన్ (తక్కువ కరెంటుతో దూరం పంపే రేడియో పద్ధతి)లో పది బైట్ల ప్యాకెట్ ఎస్‌ఎఫ్10 అనే నిదానపు సెట్టింగ్‌లో 370 మిల్లీసెకన్లు గాల్లో ఉంటుంది. 45 మిల్లీఆంపియర్లు తాగినా అయ్యేది 0.05 జౌలే. యాభై ప్యాకెట్లకు సరిపడా ఉండి ఒక్కటీ పోవట్లేదు.

వోల్టేజీని క్షణక్షణం గీసి చూపే ఆసిలోస్కోప్‌లో కారణం దొరికింది. సోలార్ కరెంటును కెపాసిటర్‌లో నింపే బీక్యూ25570 చిప్‌లో లోడ్ (కరెంటు వాడే భాగాలు) కలిపే హద్దు 3.3 వోల్టులు, కోసే హద్దు 2.4. రేడియో మొదలైన క్షణమే 3.40 కాస్తా 2.4 కిందికి దిగుతోంది, చిప్ లోడ్ కోసేస్తోంది. భారం తీరగానే వోల్టేజీ మళ్లీ లేస్తోంది. మళ్లీ బూట్, మళ్లీ నెట్‌వర్క్‌లో జాయిన్ అయ్యే ప్రయత్నం, మళ్లీ కోత. మల్టీమీటర్ నిదానం, ఈ గుంత దానికి కనపడదు.

కెపాసిటర్ ఊడదీసి 68 ఓంల రెసిస్టర్ తగిలిస్తే 3.40 వెంటనే 2.41కి పడింది. అంటే లోపలి నిరోధం 28 ఓంలు. 45 మిల్లీఆంపియర్లకు 1.26 వోల్టులు అక్కడే పోతాయి. అదే పట్టీలోని కొత్తది 18 ఓంలు చూపింది. మే ఎండకు డబ్బాలో 63 డిగ్రీలు నమోదయ్యాయి. ఎలక్ట్రోలైట్ ఆరిపోతోందని అనుమానం. కాయిన్ రకం కెపాసిటర్, గడియారం చిప్‌ను నిలబెట్టడానికి బాగుంటుంది, రేడియోకు పనికిరాదు.

ఇలాంటప్పుడు పక్కన 470 మైక్రోఫారడ్ల చిన్న కెపాసిటర్ పెట్టమని ఇచ్చే సలహా ఇక్కడ వృథా. ఒక ప్యాకెట్‌కు 16.6 మిల్లీకూలుంబులు కావాలి. పతనం 0.3 వోల్టులు దాటకూడదంటే 55,000 మైక్రోఫారడ్లు ఉండాలి.

2.7 వోల్టుల 1 ఫారడ్ స్థూపాకారపువి రెండు సిరీస్‌లో, ఒక్కోదానికి 4.7 మెగాఓంల బ్యాలెన్స్ రెసిస్టర్‌తో పెడితే పతనం 60 మిల్లీవోల్టులే. ప్యాకెట్లు పోతున్నాయి.

కాకపోతే కెపాసిటెన్స్ సగమైంది. 3.6 నుంచి 2.4 దాకా 1.8 జౌళ్లే. పన్నెండు గంటల రాత్రికి అరగంటకొకటి చొప్పున 24 ప్యాకెట్లు 1.2 జౌళ్లు తింటాయి. నిద్ర కరెంటు, వేడికి పెరిగే లీకేజీ కలిస్తే తెల్లవారేసరికి అంచున ఉంటుంది. గేట్‌వే (ప్యాకెట్లు అందుకునే పరికరం) దగ్గరికి జరిపి, వేగంగా పంపే ఎస్‌ఎఫ్7కి దించితే గాల్లో సమయం 62 మిల్లీసెకన్లకు పడిపోతుంది. ముందు అదే. లిథియం అయాన్ కెపాసిటర్‌కు లీకేజీ తక్కువే గానీ, 2.2 కిందికి పోతే పాడవుతుంది. కోత హద్దు 2.5కి మార్చాకే దాని జోలికి.

డబ్బా మీద తెల్ల రేకు నీడ కట్టాలి. రాత్రి చల్లబడే రేకుకూ జానెడు లోతు వెచ్చటి మట్టికీ మధ్య థర్మోఎలక్ట్రిక్ పలక (వేడి తేడాతో కరెంటు పుట్టించేది) పెట్టి కరెంటు రాబట్టే ప్రయత్నం తర్వాత. దానికి బీక్యూ25570 కుదరదు, నిల్వ ఖాళీగా ఉన్నప్పుడు మొదలవ్వాలంటే దాదాపు 600 మిల్లీవోల్టులు అడుగుతుంది. ఎల్‌టీసీ3108 చిప్ అయితే 1:100 ట్రాన్స్‌ఫార్మర్‌తో 20 మిల్లీవోల్టులకే లేస్తుంది.