లంకెబిందెలు కావు, చెల్లని కాసు

"ఇంతకీ లంకెబిందెలు దొరికాయా?" అని మా నాన్న ప్రతి ఆదివారం ఫోన్‌లో అడుగుతారు. నేనుండేది ఇంగ్లండ్‌లోని లింకన్‌షైర్‌లో. వారమంతా లాప్‌టాప్, సెలవు రోజున మెటల్ డిటెక్టర్. మూడేళ్లలో నాకు దొరికిందంతా మేకులు, సీసం ముక్కలు, ట్రాక్టర్ బోల్టులు.

అసలు కష్టం తవ్వడం కాదు, పొలం సంపాదించడం. ఇక్కడ యజమాని అనుమతి లేకుండా తవ్వి ఏదైనా తీసుకుంటే దొంగతనం కిందే లెక్క. పదకొండు మంది రైతులు కాదన్నారు. పన్నెండో ఆయన నా ఇన్సూరెన్స్ కార్డు చూసి, దొరికినదాంట్లో చెరి సగం అని కాగితం మీద రాసి సంతకం చేశారు.

గోధుమ కోసిన తర్వాత కొయ్యకాళ్ల మధ్య తిరుగుతుంటే ఒక సన్నని, స్పష్టమైన మోత వినిపించింది. జానెడు లోతులో, మట్టిపెళ్లలో, గోరంత మందం కూడా లేని వెండి బిళ్ల. బొమ్మ వైపు తిన్నగా మనల్నే చూస్తున్న ముఖం, తల మీద కిరీటంలాంటిది. బొరుసు వైపు అంచుల దాకా సాగిన శిలువ, దాని నాలుగు మూలల్లో మూడేసి చుక్కలు. ఒకటో ఎడ్వర్డ్ 1279లో తెచ్చిన పెన్నీ ఇలాగే ఉంటుంది. శిలువ చేతులు అంచు మీది అక్షరాలను నాలుగు ముక్కలు చేస్తాయి: సివి, టాస్, లోన్, డోన్. కలిపి చదివితే లాటిన్‌లో లండన్ నగరం అని. నాకు మట్టిలోంచి ఒక ముక్కలో "ఓన్" కనిపించింది. ఇంకేముంది, లండన్ అని తేల్చేశాను. బొటనవేలితో రుద్దబోయి ఆగాను. రుద్దితే గీతలు పడతాయి, అది మొదటి పాఠం.

రాత్రి టెన్షన్ మొదలైంది. 1996 నాటి ట్రెజర్ చట్టం ప్రకారం నిధి దొరికితే 14 రోజుల్లో కరోనర్ అనే అధికారికి చెప్పాలి. మళ్లీ మళ్లీ చదివితే అర్థమైంది: 300 ఏళ్లు దాటిన వెండి, బంగారు నాణేలు ఒకేచోటివి కనీసం రెండుంటేనే సాధారణంగా నిధి. నాది ఒక్కటే. మన దేశంలోనైతే 1878 నాటి చట్టం, పది రూపాయల విలువ దాటితే కలెక్టర్‌కు చెప్పమంటుంది! నిధి కాకపోయినా ఇక్కడ ప్రాచీన వస్తువులు నమోదు చేసే అధికారి ఉంటారు. స్వచ్ఛందమే గానీ, చూపించకపోతే మనసు ఒప్పలేదు.

ఆ అధికారిణి నాణేన్ని తూచి, భూతద్దం కింద పెట్టి, "కిరీటం చూశారా?" అన్నారు. చూశాను కదా అన్నాను. "మళ్లీ చూడండి." అది కిరీటం కాదు, గులాబీల దండ! తర్వాత బొరుసు తిప్పి అక్షరాలు చదివించారు. మోన్, ఎటా, మోన్, టెస్. నేను "లోన్" అనుకున్నది "మోన్". మోన్స్ ఊరి నాణెం, ఇప్పటి బెల్జియంలోది. ఆ ఊరున్న ఏనో ప్రాంతాన్ని ఏలిన కౌంట్ (ప్రభువు) జాన్ వేయించినది.

ఇంగ్లండ్ ఉన్ని కొనడానికి అటువైపు వ్యాపారులకు పెన్నీలు కావాలి. అందుకే అక్కడి దొరలు అచ్చం ఇంగ్లిష్ పెన్నీలా, వెండి కాస్త తగ్గించి, నాణేలు వేశారు. వీటికి జనం పెట్టిన పేర్లు పొలార్డులు, క్రాకర్డులు. దొంగ నాణేలని కూడా అనలేం, పేరు, ఊరు తమవే చెక్కారు. చదివేవాడెవడు? ఏడొందల ఏళ్ల తర్వాత నేనూ చదవలేదు. ఎడ్వర్డ్ 1299 క్రిస్మస్‌కి వాటి విలువ సగానికి కోసి, 1300 ఈస్టర్‌తో పూర్తిగా రద్దు చేశాడు. 2016లో ఏటీఎం క్యూలో నిలబడ్డవాళ్లకు ఆ మూడున్నర నెలలు ఎలా గడిచాయో చెప్పక్కర్లేదు. మా పొలంలో పడింది సంచిలోంచి జారిందో, చెల్లదని ఎవరైనా విసిరేశారో.

అధికారిణి రసీదు ఇచ్చి నాణేన్ని ఉంచుకున్నారు. పొలంలో దొరికిన చోటు, బరువు, ఫోటోలు అన్నీ రికార్డులోకి ఎక్కడానికి నాలుగు నెలలు పట్టింది. రెండుసార్లు గుర్తు చేశాను, కొంచెం విసుక్కున్నాను కూడా. తెచ్చి రైతు చేతిలో పెడితే ఆయన నవ్వి, "సగం నరికి ఇస్తావా?" అన్నారు. అంతకు కొంచెం ముందు కాలం దాకా చిల్లరకు పెన్నీని నిజంగానే రెండు ముక్కలు చేసేవారని చెప్పాను. ఆయన కత్తెర వెతకలేదు, నాణెం నాకే వదిలేశారు.

ఆదివారం నాన్న అడిగారు. "లంకెబిందెలు కావు నాన్నా, చెల్లని కాసు దొరికింది" అన్నాను.

"చెల్లనిదానికి నాలుగు నెలలా?" అన్నారు.