ఉద్యోగం మారుతున్నారా? రాజీనామాకి ముందే ఇంటి హెల్త్ పాలసీ తీసుకోండి

కంపెనీ ఇచ్చిన గ్రూప్ ఇన్సూరెన్స్ ఉద్యోగంతో పాటే పోతుంది. చాలా కంపెనీల్లో లాస్ట్ వర్కింగ్ డే దాటగానే ఉద్యోగి పేరుతో పాటు భార్యాపిల్లల పేర్లు, అమ్మానాన్నల పేర్లు కూడా ఒకేసారి తీసేస్తారు. 15న రిలీవై వచ్చే నెల 1న కొత్త చోట చేరితే, మధ్యలో ఆ పక్షం రోజులు ఇంట్లో ఎవరికీ బీమా లేనట్టే. నోటీసు పీరియడ్‌లో కొత్త పాలసీ కొన్నా ఇబ్బందే. ప్రమాదాలు తప్ప మిగతా జబ్బులకు మొదటి 30 రోజులు క్లెయిమ్ రాదు. అందుకే ఆఫర్ లెటర్ చేతికి రాకముందే, ఇంటర్వ్యూలు మొదలుపెట్టినప్పుడే సొంత ఫ్యామిలీ ఫ్లోటర్ (ఇంట్లో అందరికీ కలిపి ఒకే బీమా మొత్తం ఉండే పాలసీ) తీసుకోవడం మంచిది.

అసలు నష్టం ఆ పక్షం రోజులతో ఆగదు. షుగర్, బీపీ, థైరాయిడ్ లాంటివి ముందే ఉంటే, సొంత పాలసీలో వాటికి 36 నెలల వరకు వెయిటింగ్ పీరియడ్ (ఆ జబ్బులకు క్లెయిమ్ రాని కాలం) పెట్టవచ్చు. 2024లో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ దీన్ని 48 నుంచి 36 నెలలకు తగ్గించింది. మోకాలి మార్పిడి, శుక్లాలు, హెర్నియా లాంటి వాటికి విడిగా వెయిటింగ్ ఉంటుంది, ఎక్కువ పాలసీల్లో అది రెండేళ్లు. గ్రూప్ పాలసీలో మొదటి రోజు నుంచే అన్నిటికీ వస్తుంది కదా అని పదేళ్లు గడిపేస్తే, నలభై ఐదేళ్ల వయసులో ఈ లెక్క సున్నా నుంచి మొదలవుతుంది.

ఇప్పటికే రాజీనామా ఇచ్చేసి ఉంటే ఒక దారి ఉంది. పాత గ్రూప్ పాలసీ ఏ బీమా కంపెనీదో, అదే కంపెనీ వ్యక్తిగత పాలసీలోకి మారతామని అడగండి. గ్రూప్‌లో గడిపిన కాలాన్ని, అప్పటి బీమా మొత్తం మేరకు, వెయిటింగ్ పీరియడ్‌లో తగ్గిస్తారు. ఆరోగ్య వివరాలు చూసి ఒప్పుకునే అధికారం మాత్రం వాళ్లదే. రిలీవయ్యాక కాదు, ఇంకా కవర్ నడుస్తుండగానే దరఖాస్తు ఇవ్వాలి. అన్ని సంవత్సరాల ఈ-కార్డులు, పాలసీ నంబర్లు, కుటుంబ సభ్యుల పేర్లున్న కవరేజీ లెటర్ హెచ్‌ఆర్ దగ్గర ముందే తీసుకోండి. కంపెనీ మెయిల్ ఆగిపోయాక వీటి కోసం తిరగడం చాలా కష్టం.

పాలసీ ఎంచుకునేటప్పుడు అందరూ ప్రీమియం చూస్తారు. ముందు చూడాల్సింది రూమ్ రెంట్ లిమిట్. 5 లక్షల పాలసీలో గది అద్దె రోజుకు 1 శాతం అని ఉంటే 5,000. మీరు 8,000 గదిలో మూడు రోజులు ఉన్నారనుకోండి. గది బిల్లు 24,000లో 15,000 వస్తుంది. 9,000 పోతే పోయింది అనుకుంటాం కానీ, సర్జన్ ఫీజు, ఆపరేషన్ థియేటర్, నర్సింగ్ కలిపి 1,60,000 అయితే అందులోనూ అదే నిష్పత్తిలో (8,000కి 5,000) ఎనిమిదింట ఐదు వంతులే, అంటే లక్షే ఇస్తారు. మందులు, ఇంప్లాంట్లు, పరీక్షలకు ఈ కోత ఉండకూడదని నియమం ఉంది. అయినా జేబులోంచి 69,000 కట్టాలి. ఈ ఒక్క షరతు లేని పాలసీకి కొంచెం ఎక్కువ ప్రీమియం కట్టినా నాకు న్యాయమే అనిపిస్తుంది.

అమ్మానాన్నలని మీ ఫ్లోటర్‌లో కలపకండి. ఇంట్లో పెద్దవాళ్ల వయసుని బట్టే ప్రీమియం పడుతుంది, పైగా వాళ్ల ఒక్క ఆపరేషన్‌తో పిల్లలకి ఉండాల్సిన మొత్తం కూడా కరిగిపోతుంది. వాళ్లకి విడిగా తీసుకుని, కో-పే, అంటే ప్రతి బిల్లులో మీరు కట్టాల్సిన వాటా, ఎంతో చూడండి. 20 శాతం అని ఉంటే 3 లక్షల బిల్లులో 60,000 మీదే.

కొత్త కంపెనీలో చేరిన రోజే అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. కవర్ చేరిన తేదీ నుంచా, పేర్లు అప్‌లోడ్ అయిన తేదీ నుంచా? డిపెండెంట్ల పేర్లు ఎక్కించడానికి గడువు ఎన్ని రోజులు? సాధారణంగా నెల లోపే ఉంటుంది, అది దాటితే మళ్లీ రెన్యువల్ దాకా ఆగాలి. గర్భిణి ఉన్న ఇల్లయితే ప్రసవానికి ఎంత పరిమితి, వెయిటింగ్ ఉందా లేదా అన్నది చేరే తేదీ ఖరారు చేసుకోకముందే తెలుసుకోండి. సొంత పాలసీల్లో ప్రసవానికి నెలల తరబడి ఆగాల్సి వస్తుంది కాబట్టి అప్పటికప్పుడు కొని ప్రయోజనం ఉండదు.

పాలసీ కోసం నింపే ప్రపోజల్ ఫారం ఏజెంటుకి వదిలేయకండి. బీపీ మాత్ర ఒక్కటే కదా అని రాయకపోతే, క్లెయిమ్ సమయంలో డిశ్చార్జి సమ్మరీలో "ఐదేళ్లుగా బీపీ" అన్న ఒక్క లైను పట్టుకుని తిరస్కరించవచ్చు. పాలసీ చేతికి వచ్చాక 30 రోజుల ఫ్రీ లుక్ (చదివి చూసి, నచ్చకపోతే పాలసీ వెనక్కి ఇచ్చే గడువు) ఉంటుంది. ఆ లోపు, జత చేసిన ప్రపోజల్ కాపీలో మీరు చెప్పిన జబ్బులన్నీ ఉన్నాయో లేదో, పుట్టిన తేదీలు ఆధార్‌తో సరిపోయాయో లేదో చూసి, తేడా ఉంటే మెయిల్‌లో రాసి సరిచేయించండి.