ఆకాను గుడారం: నా లినోకట్ అనుభవం

దురాశ మీద లినోకట్ (లినోలియం పలక మీద చెక్కి తీసే అచ్చుబొమ్మ) అనుకోగానే ముందు తట్టింది 30 వెండి నాణేలకు యేసును పట్టించిన ఇస్కరియోతు యూదా. అది చాలామంది వేసిన బొమ్మే. బైబిల్లో యెహోషువ గ్రంథం 7వ అధ్యాయంలో ఆకాను దగ్గర ఆగిపోయాను. ఇశ్రాయేలీయులు గెలిచిన యెరికో పట్టణపు సొమ్ము ఎవరూ సొంతానికి తీసుకోకూడదని ఆజ్ఞ. అతను ఒక షీనారు దేశపు పైవస్త్రం, 200 తులాల వెండి, 50 తులాల బంగారు కమ్మి తెచ్చి తన గుడారంలో నేల తవ్వి దాచాడు. ఆ తప్పు వల్ల, తర్వాత హాయి అనే పట్టణం మీదికి యుద్ధానికి వెళ్లినవాళ్లలో 36 మంది చనిపోయారు.

మొదటి స్కెచ్‌లో ఆకానుకి గుడ్లురిమే కళ్లు, వంకర వేళ్లు పెట్టాను. అచ్చం నాటకంలో రాక్షసుడిలా తయారయ్యాడు. అలా వేస్తే చూసినవాళ్లెవరూ తమను తాము అందులో చూసుకోరు. అప్పుడు పి. సాల్మన్ రాజ్ గారి వుడ్‌కట్‌లు మళ్లీ తీసి చూశాను. లూథరన్ పాస్టరుగా ఉంటూ చెక్క మీద బైబిలు కథలు చెక్కిన మన తెలుగాయన. ఆయన బొమ్మల్లో మనుషులు మన వీధిలో కనిపించేవాళ్లలా ఉంటారు. నా స్కెచ్ చించేసి, చాప మీద నిద్రపోతున్న కొడుకునీ కూతురినీ, పక్కనే నిద్రపట్టని తండ్రినీ గీశాను.

లినోలో చెక్కి తీసేసిన చోటు తెల్లగా, వదిలేసిన చోటు నల్లగా పడుతుంది. అందుకే నేలంతా వదిలేసి, సొమ్ము దాచిన గుంత మాత్రం చెక్కాను. అంచు చుట్టూ 36 సన్న గీతలు.

చలికి లినో గట్టిపడి ఉంది. గుడ్డ కప్పి ఇస్త్రీపెట్టెతో కాస్త వేడి చేయాల్సింది, తొందరపడ్డాను. ఉలి జారి కూతురి పాదం సగం లేచిపోయింది. మూడు వారాల పని. ఆ రాత్రి అన్నం సహించలేదు.

తెల్లారి రోలరుతో ఇంకు పూశాను. పల్చగా, సమంగా పరుచుకుంటే జిగటగా సన్నటి చిటపట వినిపిస్తుంది. మొదటిసారి ఎక్కువై గీతలన్నీ పూడిపోయాయి. తుడిచి మళ్లీ పూసి, కాగితం పరిచి, స్టీలు గరిటె వెనక భాగంతో అరగంట రుద్దాను. ఎత్తి చూస్తే గుంతలోని తెలుపు పాకి ఆ పిల్ల పాదాన్ని తాకింది.

అమ్మకి ఆ అధ్యాయం కంఠతా వచ్చు. ఆకోరు లోయలో ఆకానుతోపాటు అతని కొడుకుల్నీ కూతుళ్లనీ కూడా రాళ్లతో కొట్టారని తెలుసు. తడి ఆరని ప్రింటు మీద వేలు ఆనించకుండా పాదం చూపిస్తూ, "ఈ పిల్ల ఏం చేసిందిరా?" అంది.

బ్లాక్‌లో ఇంకేమీ సరిచేయలేదు. ఏడు ప్రతులు తీశాను.