లిస్టులో లేనివాళ్ళు కూడా మా బ్యాచే

పండక్కి ముందు ఆదివారం మా 1996-97 టెన్త్ బ్యాచ్ కలుసుకుంది. గొంతు ఇంకా బొంగురుగానే ఉంది, కాళ్ళు పీకుతున్నాయి. అయినా ఇప్పుడే రాస్తున్నాను. ఇంకో నెల పోతే సంతోషమే గుర్తుంటుంది, ఆ ఆఫీసు గదిలో పడ్డ మాట మర్చిపోతాను. మర్చిపోకూడదు. మాది కోనసీమ, గౌతమి సముద్రంలో కలిసే వైపు ఒక జడ్పీ హైస్కూలు. బడి పేరు రాయను. నాకు కావలసింది ఎవరి ఉద్యోగమూ కాదు.

భోజనాలు, టెంటు, ఫ్లెక్సీ, శాలువాలు, మెమెంటోలు అన్నీ డబ్బు కడితే జరిగిపోయే పనులు, మగపిల్లలు చూసుకున్నారు. పనసపొట్టు కూర బ్రహ్మాండంగా కుదిరింది. రిటైరైన మాస్టార్ల కోసం ఫేస్‌బుక్కులో తంటాలు పడకండి, పెన్షనర్ల సంఘం ఆఫీసుకి వెళ్ళండి. ఏటా లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాలి కాబట్టి ఎవరు ఎక్కడున్నారో, ఎవరు పోయారో అక్కడి పెద్దలకి నోటికి వచ్చు. మా లెక్కల మేస్టారు కాకినాడలో కూతురి దగ్గర ఉంటున్నారని అక్కడే తెలిసింది.

ఆడపిల్లల్ని వెతకడం నా వంతు. ఇంటిపేర్లు మారాయి, ఊళ్ళు మారాయి, ఫోన్ ఎత్తిన భర్తలు "ఏ బ్యాంకు నుంచండీ" అని అనుమానంగా అడిగారు. ఒకాయనైతే "టెన్త్ ఫ్రెండ్సుతో ఇప్పుడేం పనండీ" అని పెట్టేశాడు. అందుకని చెప్తున్నాను, ఆడవాళ్ళ కోసం ఆడవాళ్ళే ఫోన్ చెయ్యాలి, అదీ అత్తారింటికి కాదు, పుట్టింట్లో తల్లికో వదినకో చెయ్యాలి. ఆ భర్త పెట్టేసిన అమ్మాయి కూడా వాళ్ళ వదిన ద్వారానే వచ్చింది, పొద్దున టిఫిన్ల దగ్గర్నుంచి సాయంత్రం దాకా నవ్వుతూనే ఉంది.

బ్యాచ్ పేరు మీద బ్యాంకు ఖాతా అడిగితే, రిజిస్టరైన సంఘం అయితేనే అన్నారు. సొసైటీ కట్టాలంటే 2001 చట్టం ప్రకారం కనీసం ఏడుగురు సభ్యులు కావాలి, బైలాలు రాసుకోవాలి, ఆ తర్వాత పాన్ కార్డు. ఒక్కరోజు కార్యక్రమానికి ఇంత పని వద్దనుకుని ముగ్గురి పేర జాయింటు ఖాతా తెరిచాం, లెక్కంతా ప్రతి వారం గ్రూపులో పెట్టాం. డబ్బు దగ్గర ఒక్క గొడవ రాలేదు, ఈ మాట గర్వంగా చెప్తాను.

ఇక అసలు సంగతి. బడికి ఏదైనా ఇవ్వాలనుకున్నాం. ప్రభుత్వ బడుల్ని బాగుచేసే నాడు-నేడు పథకంలో బల్లలు, మంచినీళ్ళు, మరుగుదొడ్లు వచ్చేశాయి కాబట్టి లైబ్రరీకి పుస్తకాల బీరువా ఒకటి, బ్యాచ్ మొత్తం పేర్లతో గోడకి ఒక రాతి పలక అని తేల్చాం. పేర్ల కోసం బడి ఆఫీసులో అడిగితే పబ్లిక్ పరీక్షకి పంపిన నామినల్ రోలు, అంటే పరీక్ష రాసేవాళ్ళ పేర్ల జాబితా, కాపీ ఇచ్చారు. చదువుతుంటే ఇద్దరు లేరు.

ఎందుకు లేరో మా అందరికీ తెలుసు. 1996 నవంబరు 6, బుధవారం రాత్రి తుఫాను కాకినాడకి దక్షిణంగా తీరం దాటింది. నాలుగు రోజుల్లో దీపావళి. అప్పటి తూర్పుగోదావరి జిల్లాలో వెయ్యి మందికి పైగా పోయారు, కొబ్బరిచెట్లు లక్షల్లో పడిపోయాయి. మా క్లాసులో ఒకమ్మాయి ఇంటి గోడ కూలి చనిపోయింది. ఒక అబ్బాయి రొయ్య సీడు, అంటే చెరువుల్లో పెంచడానికి అమ్మే రొయ్యపిల్లలు, పట్టడానికి వాళ్ళ చిన్నాన్నతో భైరవపాలెం వైపు వెళ్ళాడు, పరీక్ష ఫీజు డబ్బులు సంపాదించుకొస్తానని చెప్పి. మళ్ళీ రాలేదు. మిగిలిన మేం మార్చిలో పదకొండు పేపర్లూ రాసి పాసో ఫెయిలో అయ్యాం. వాళ్ళిద్దరూ పరీక్ష రాయలేదు కాబట్టి నామినల్ రోల్లో లేరు. అంతవరకు అర్థం ఉంది.

అయితే ఆఫీసులో గుమస్తా "రోల్లో లేనివాళ్ళ పేర్లు పలక మీద వెయ్యడానికి లేదు, ప్రభుత్వ బడి గోడ ఇది" అన్నాడు. అడ్మిషన్ రిజిస్టర్ చూడమన్నాం, అది శాశ్వత రికార్డు కదా, అందులో ఉంటారు. చూపించడానికి మండల ఆఫీసు పర్మిషన్ కావాలన్నాడు. అక్కడికి వెళ్తే అది హెడ్‌మాస్టారి ఇష్టం అన్నారు. ఇన్‌ఛార్జి హెడ్‌మాస్టారేమో గుమస్తాని అడగమన్నారు. తిప్పి తిప్పి చంపారు.

ఆ అబ్బాయి తండ్రి ఇంకా ఉన్నారు, డెబ్బై దాటింది, వలలు బాగుచేసుకుంటూ బతుకుతున్నారు. పలక సంగతి ఎవరో చెప్తే తనూ వస్తానన్నారు. ఉతికిన పంచె కట్టుకుని, చొక్కా గుండీలన్నీ పెట్టుకుని వచ్చారు. ఆఫీసు గదిలో మా ఇద్దరినీ నిలబెట్టే మాట్లాడాడు గుమస్తా. కుర్చీ ఖాళీగానే ఉంది. "డెత్ సర్టిఫికెట్టుందా?" అన్నాడు. శవమే దొరకలేదు బాబూ అన్నారాయన. దానికి ఆ మనిషి, బయట పిల్లలు వింటుండగా, "ఏమయ్యా, ఎక్స్‌గ్రేషియా ఏమైనా మళ్ళీ ఇస్తున్నారని ఎవరైనా చెప్పారా నీకు? ఇన్నేళ్ళకి కొడుకు గుర్తొచ్చాడా?" అన్నాడు.

నాకు మాట పెగల్లేదు. ఏ ఆఫీసులోనూ ఎవరి ముందూ తగ్గని మనిషిని నేను, మా ఇంట్లో అందరికీ తెలుసు. ఆరోజు మాత్రం నోరు ఎండిపోయి నిలబడ్డాను. ఆయనే నా చెయ్యి పట్టుకుని "పదమ్మా, పోదాం" అన్నారు. దారంతా ఇంకేమీ అనలేదు. ఇంటికొచ్చి రాత్రంతా ఏడ్చాను. చదువుకున్నవాడు, పిల్లల మధ్య ఉద్యోగం చేసుకునేవాడు, తండ్రి వయసు మనిషితో అలా ఎలా మాట్లాడతాడు? బిడ్డని సముద్రానికి ఇచ్చినవాడికి ఒక కుర్చీ చూపించడానికి ఏ జీవో కావాలి?

దారి చూపించింది లెక్కల మేస్టారు. ఆ ఏడాది మా క్లాసు టీచరు ఆయనే. సంగతి చెప్పగానే "నేనొస్తానమ్మా, ఆ ఏడు హాజరు వేసింది నేనే" అన్నారు. ఎనభై ఏళ్ళ మనిషి కాకినాడ నుంచి కారులో వచ్చారు. స్కూలు కమిటీ ఛైర్మన్‌ని, ఆయన ఇప్పుడు చదివే పిల్లాడి తండ్రే, ముందే పిలిపించి కూర్చోబెట్టాం. మేస్టార్ని చూడగానే గుమస్తా లేచి నిలబడ్డాడు, బీరువా తాళం తీశాడు. ఆయ్, అదే గుమస్తా.

రిజిస్టర్ అంచులు చెదలు తినేశాయి, లోపల అక్షరాలు బాగానే ఉన్నాయి. అమ్మాయి పేరుకి ఎదురుగా "తుఫానులో మృతి" అని ఉంది. అబ్బాయి పేరు మీద ఎర్రసిరాతో గీత కొట్టి, రిమార్కుల్లో "దీర్ఘకాల గైరుహాజరు, పేరు తొలగించడమైనది" అని రాశారు, డిసెంబరు తేదీతో. మేస్టారు కళ్ళజోడు తీసేశారు. "అప్పుడు వాడు వస్తాడనే అనుకున్నాం. పోయాడని రాయడానికి చెయ్యి రాలేదు. తర్వాత ఎవరో నిబంధన ప్రకారం కొట్టేశారు" అన్నారు.

తండ్రికి చదువు రాదు. మొత్తం చదివి వినిపించమన్నారు. పుట్టినతేదీ, కులం, చేరిన తరగతి, పుట్టుమచ్చలు అన్నీ చదివాను. కుడి చెవి వెనక ఒకటి, ఎడమ మోకాలి మీద ఒకటి. "మోకాలి మీదది పుట్టుమచ్చ కాదమ్మా, తాటిమట్ట గీసుకున్న మచ్చ. రెండోది చూపించమంటే దాన్నే చూపించాను మేస్టారికి" అన్నారు.

కమిటీ అప్పటికప్పుడు తీర్మానం రాసింది, పలక మీద వాళ్ళిద్దరి పేర్లూ వెయ్యాలని. ఎర్రగీత చెరపడానికి లేదన్నారు. దాన్ని చెరపమని మేమూ అడగలేదు. కాబట్టి బడితో పనున్నవాళ్ళు గుమస్తా దగ్గర మొదలుపెట్టకండి, కమిటీ ఛైర్మన్ దగ్గర మొదలుపెట్టండి. అడిగింది కాగితం మీద అడగండి, తీసుకున్నట్టు సంతకం పెట్టించుకోండి.

ఇంకో మాట కూడా అనాలి. చాలా బ్యాచ్‌లు సెటిలైన వాళ్ళనే పిలుచుకుంటాయి. మనిషికి రెండు వేలు అని గ్రూపులో పెడితే కూలికి వెళ్ళేవాడు ఎలా వస్తాడు? మేం ఎంత ఇవ్వగలిగితే అంత అన్నాం, ఎవరు ఎంత ఇచ్చారో ముగ్గురికి తప్ప ఎవరికీ తెలియదు. హిందీలో ఇరవై మార్కులు రాక ఆగిపోయినవాళ్ళు వచ్చారు, ఎనిమిదిలోనే పెళ్ళి చేసేసిన అమ్మాయి మనవరాల్ని ఎత్తుకుని వచ్చింది. మా చుట్టుపక్కల ఏ బ్యాచ్ ఇలా చెయ్యలేదు.

పోయినవాళ్ళని తలుచుకోవడం కూడా అందరూ భోజనాల ముందు హడావిడిగా రెండు నిమిషాల మౌనంతో సరిపెడతారు. మేం పొద్దునే, సన్మానాల కన్నా ముందు పెట్టాం. పేరు, తండ్రి పేరు, ఊరు చదవడం, తెలిసినవాళ్ళు లేచి ఒక్క మాట చెప్పడం. కోవిడ్‌లో పోయినవాళ్ళు కూడా ఉన్నారు, వాళ్ళ పిల్లలు వచ్చారు. పలక తెర తీసింది ఎమ్మెల్యే కాదు, ఆ తండ్రి, ఆ అమ్మాయి తల్లి.

2026 నవంబరు 6కి ఆ తుఫానుకి ముప్పై ఏళ్ళు. ఆ ఏడు మా బడిలో ఎనిమిది, తొమ్మిది చదివిన పిల్లల్లోనూ పోయినవాళ్ళున్నారు, వాళ్ళ పేర్ల మీద కూడా ఎర్రగీతే ఉందేమో చూడాలి. ఆ బ్యాచ్‌ల వాళ్ళతో మాట్లాడుతున్నాం, కమిటీకి అర్జీ ఇచ్చేశాం. చుట్టుపక్కల బడుల్లో ఆ ఏడు చదివినవాళ్ళు మీ రిజిస్టర్ కూడా తెరిపించండి. వెళ్ళేటప్పుడు ఆ ఏడాది హాజరు వేసిన మేస్టారొకరిని వెంటబెట్టుకుని వెళ్ళండి, ఆలస్యం చెయ్యకండి, వాళ్ళు కూడా పెద్దవాళ్ళయిపోతున్నారు.