మా గుర్రం తోక బాగుచేసుకున్న తీరు – నా అనుభవం

కావలి చుట్టుపక్కల పెళ్ళి ఊరేగింపుల కోసం ఒక తెల్ల ఆడగుర్రాన్ని కొన్నాం. ఒళ్ళు బాగుంది, నడక ఇంకా బాగుంది. తోక మాత్రం చూడలేం. కింద కుచ్చంతా పల్లేరు కాయలు, ఉత్తరేణి గింజలు, ఎండిన లద్దె కలిసిపోయి అట్ట కట్టింది. పైన మొదట్లో వెంట్రుకలు తెగిపోయి చీపురు పుల్లల్లా నిక్కబొడుచుకుని ఉన్నాయి. కత్తిరించి పారేయమని చాలామంది చెప్పారు. నాకు మనసొప్పలేదు. ఈగలు తోలుకోవడానికి దానికున్నది ఆ కుచ్చే. ఆ వెంట్రుక నెలకు అంగుళం పెరిగితే గొప్ప, మళ్ళీ అంత పొడవు రావాలంటే ఏళ్ళు పడుతుంది.

మా వీధిలో ఒకప్పుడు నెల్లూరులో జట్కా తోలిన తాత ఉన్నాడు. ఆయన వచ్చి చూసి, "చిక్కు తర్వాత తీద్దువు గాని, ముందు తోకెత్తి చూడు నాయనా. వెనకమాల నిలబడబాకు" అన్నాడు. తన వెనక సరిగ్గా ఏముందో గుర్రానికి కనబడదు. అందుకే పక్కన తొడకు దగ్గరగా నిలబడి, ఒక చెయ్యి దాని వీపు మీద ఆనించి, మాట్లాడుతూనే తోక ఎత్తాలి.

ఎత్తితే గుదం చుట్టూ పసుపు, బూడిద రంగు కలిసిన జిగురు ఎండిపోయి ఉంది. గుర్రం గోడకు తోక ఎందుకు రుద్దుకుంటోందో అప్పుడు తెలిసింది. పశువుల డాక్టరు కడగక ముందే అక్కడ సెల్లోటేపు అంటించి తీసి, మైక్రోస్కోపు కింద పెట్టి చూశారు. పిన్‌వార్మ్ అనే నట్ట గుడ్లు. ఆడ పురుగు బయటికొచ్చి గుదం చుట్టూ గుడ్లు పెడుతుంది, దురదంతా దానివల్లే. మామూలు లద్దె పరీక్షలో ఇవి చాలావరకు దొరకవట. గుర్రం బరువు చూసి డాక్టరు నట్టల మందు ఇచ్చారు. రోజూ గోరువెచ్చటి నీళ్ళతో తుడిచి, ఆ గుడ్డ కాల్చేసేవాణ్ణి. తొట్టి, గోడ, బకెట్టు కూడా కడగకపోతే ఆ గుడ్లే మళ్ళీ మేతతో కడుపులోకి పోతాయి.

డాక్టరు ఇంకో మాట చెప్పారు. పుట్టినప్పుడు ముదురు రంగులో ఉండి, పెరిగేకొద్దీ తెల్లబడే గుర్రాలకు వయసు మీదపడ్డాక తోక కింద నల్లటి గడ్డలు, అంటే మెలనోమా, రావడం ఎక్కువ. మాది అలాంటిదే. తోక కడిగినప్పుడల్లా కింద వేళ్ళతో తడిమి చూస్తున్నాను.

దురద తగ్గాకే చిక్కు జోలికి వెళ్ళాను. సాయంత్రాలు కూర్చుని, కొబ్బరినూనె రాసి, దువ్వెన లేకుండా వేళ్ళతోనే తీశాను. కింది కొసల నుంచి మొదలుపెట్టి పైకి రావాలి. పైనుంచి లాగితే చిక్కంతా కిందికి చేరి గట్టిపడుతుంది. పాయను పైన ఒక చేత్తో బిగించి పట్టుకుంటే గుర్రానికి లాగినట్టు అనిపించదు. పల్లేరు కాయను పట్టకారుతో మెల్లగా నొక్కితే ముక్కలుగా విడిపోతుంది. ఒక్కో ముక్కనూ ముల్లు వైపు నుంచి కాకుండా పక్క నుంచి జారిస్తే ఒక్క వెంట్రుకా తెగకుండా చేతిలోకి వస్తుంది. ఓపిక కావాలి, అంతే.

మా బోరు నీళ్ళు ఉప్పన, నురగ రాదు, షాంపూ సరిగ్గా వదలదు. అది మిగిలిపోతే మళ్ళీ దురదే. అందుకని కడిగే రోజు మంచినీళ్ళే తెస్తాను. తడి మీద అసలు దువ్వను.

అక్టోబరు వానలు మొదలయ్యాక సన్న దోమలు కుట్టినా ఇలాగే రుద్దుకుంటుందని డాక్టరు ముందే హెచ్చరించారు. గాలి తగిలితే అవి నిలవలేవు కాబట్టి సాయంత్రం నుంచి పాకలో ఫ్యాను వేస్తున్నాం.

ఇప్పుడు బేరానికి వచ్చినవాళ్ళు తోక మొదట్లో రిబ్బన్లు, పూలదండలు బిగించి కట్టమంటారు. పైన ఎముక ఉన్నంత మేర బిగిస్తే రక్తం ఆడదు. ఎముక దాటాక కుచ్చుకు ఎన్ని పూలైనా కడతాను, పైన మాత్రం కట్టనని అడ్వాన్సు తీసుకునేటప్పుడే చెప్పేస్తున్నాను.